ఇరవై ఒక్క రోజుల్లో అత్తగారి ఫొటో

1వ తేదీ, ఆదివారం. ఉదయం 6.10
నేటి నుంచి కొత్త జీవితం! ఇరవై ఒక్క రోజుల్లో డిజిటల్ ఇమేజ్ ప్రాసెసింగ్ నేర్చేసుకుంటాను. పుస్తకం వచ్చింది. నాలుగు వందల పేజీలు. రోజుకు ఇరవై చొప్పున ఇరవై రోజులు. ఒక రోజు మిగులు, విశ్రాంతికి.

కారణం మా మామగారు. ఆయనకు చూపు మందగిస్తోంది. ఇక తగ్గడమే గానీ పెరగదని కళ్ళ డాక్టరు తేల్చేశాడు. నిన్న అత్తగారి ఫొటో నా చేతిలో పెట్టారు. ఆవిడ పోయి పదకొండేళ్ళు. మిగిలింది అగ్గిపెట్టెంత ఈ ఒక్క ఫొటో, అదీ వెలిసిపోయి.

"ముఖం ఆనడం లేదు బాబూ. కాస్త కనబడేట్టు చేయించి పెట్టు. కళ్ళున్నప్పుడే చూసుకుంటాను" అన్నారు.

చేయించడమా! ఆసుపత్రిలో పద్దెనిమిదేళ్ళుగా ఎక్స్‌రేలు తీస్తున్నవాణ్ణి! నేనే చేస్తానన్నాను. బావమరిది పకపకా నవ్వాడు.

"బావా, అక్కడ నువ్వు నొక్కేది ఒక్క బటనే కదా!"

చూస్తాడుగా. 22న ఫ్రేము కట్టించి మామగారి చేతిలో పెడతాను. ఇది శపథం.

2వ తేదీ. సాయంత్రం 6.30
ఫొటో స్కాన్ చేసి, మామగారికి తిరిగి ఇచ్చేశాను. హిస్టోగ్రాం అధ్యాయం పూర్తి! ఫొటోలో ఏ ఛాయ ఎంతుందో చూపించే పటం అది. మన ఫొటోలో నలుపూ లేదు, తెలుపూ లేదు, మధ్యలో బూడిదరంగు గుట్ట. దాన్ని రెండు వైపులకూ లాగాలి. లాగాను. అత్తగారి చెవికమ్మ తేలింది!!
పేజీలు: 31. ఇంత తేలిక విషయానికి జనం డిగ్రీలు ఎందుకు చదువుతారో.

4వ తేదీ
నిన్న చదవలేదు. మొన్న పదకొండు ఎక్కువ చదివాను కాబట్టి చదివినట్టే.

ఇవాళ మచ్చలు తీసే ఫిల్టరు. ఫొటోలోని ప్రతి పిక్సెల్ చుక్కనీ చుట్టూ ఉన్న ఎనిమిదింటితో కలిపి ఛాయల వరుసలో నిలబెడుతుంది. నడిమివాడి రంగు తెచ్చి దీనికి పూస్తుంది. గుంపులో తేడాగా ఉన్నవాడు మాయం. మా ఆసుపత్రిలో ప్రమోషన్లూ ఇలాగే ఇస్తారు.

దుమ్మంతా పోయింది. పెదవి పైన ఒక నల్ల చుక్క మాత్రం మొండికేసింది. మా పనిలో చుక్క కనిపించిందంటే ప్లేటు మీద దుమ్మే, అందులో అనుమానం లేదు. తొమ్మిది పిక్సెళ్ళు చాలవని ఎనభై ఒకటి పెట్టి మళ్ళీ నడిపాను. పీడ విరగడైంది!

7వ తేదీ
పేజీలు: 0. కారణాలు: నడుము నొప్పి. వర్షం. పుస్తకంలో సమీకరణాలు మొదలవడం.

9వ తేదీ. ఉదయం 7.00
ఫిల్టరు దెబ్బకు ముఖమంతా మసకబారింది. ఫర్వాలేదు, అంచుల్ని పదును చేసే ఉపాయం 49వ పేజీలో ఉంది. చేశాను. కొంచెం ఎక్కువే చేశాను. మా ఆవిడ టీ పట్టుకొచ్చి తెరకేసి చూసింది.

"ఏవండీ, మా అమ్మకు బుగ్గలుండేవి. ఇదేంటి, దవడ ఎముక కనబడుతోంది?"

ఏం చేస్తాం, చేతి అలవాటు.

13వ తేదీ
పేజీలు: 2. అందులో ఒకటి బొమ్మ.

ఘోరం! ఇన్నాళ్ళూ రోజూ అదే ఫైలు మీద సేవ్ చేశాను. అలా చేసినప్పుడల్లా ఫైలు కొంత వివరం మింగేస్తుందని బావమరిది ఫోన్లో చెప్పాడు. పుస్తకంలో వెతికితే 212వ పేజీలో ఉంది. నేనున్నది 58లో. అంత ముఖ్యమైన సంగతి అంత వెనక రాసినవాణ్ణి ఏమనాలి?

మొదట చేసిన స్కాను ఇక లేదు. ఫొటో మళ్ళీ ఇమ్మని మామగారిని ఏ ముఖంతో అడగను? అత్తగారి నుదుటి నిండా గళ్ళు పడ్డాయి.

16వ తేదీ
మామగారు గోడ గడియారం కింద నిలబడి టైమెంతైందని నన్నడిగారు. పదిన్నర అని చెప్పాను.

"నాన్న రోజూ అడుగుతున్నారండీ. స్టూడియోకి ఇచ్చేద్దాం" అంది మా ఆవిడ.

"కళలో తొందర పనికిరాదు" అన్నాను. టీ కప్పు కింద పెట్టుకోవడానికి పుస్తకం బాగా పనికొస్తోంది.

19వ తేదీ
అడగొద్దు.

21వ తేదీ. సాయంత్రం 5.40
ఫోన్లో ఒక యాప్. ఒక్క బటన్. మూడు క్షణాల్లో గళ్ళు పోయాయి, బుగ్గలొచ్చాయి, నున్నటి ముఖం వచ్చింది! ప్రింటు తీయించి ఫ్రేము కట్టించాను. యాప్ సంగతి బావమరిదికి తెలియనక్కర్లేదు. శపథం శపథమే.

22వ తేదీ
ఇచ్చాను. మామగారు ఫ్రేమును కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి, ముక్కుకు ఆనించుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చాలాసేపు చూశారు.

"చక్కగా ఉంది. ఎవరమ్మా ఈ అమ్మాయి?" అన్నారు.

మా ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. నేను నిజం చెప్పాను, యాప్‌తో సహా. ఆయన తలాడించారు.

"మీ అత్తయ్యకు పెదవి పైన పుట్టుమచ్చ ఉండేది బాబూ. అదొక్కటి ఆనితే చాలు, మిగతా ముఖం నాకు దానంతటదే వచ్చేస్తుంది. నువ్వు మాత్రం చాలా కష్టపడ్డావు పాపం."

నాలుగు తిట్టినా బాగుండేది. ఇంత సిగ్గు నాకెప్పుడూ వేయలేదు.

23వ తేదీ, సోమవారం. ఉదయం 6.10
నేటి నుంచి కొత్త జీవితం! మొదటి రోజు. ఆసుపత్రికి సెలవు పెట్టాను. మామగారి దిండు కింది నుంచి అసలు ఫొటో అడిగి తీసుకుని, స్కానరు ఎంత వివరంగా తీయగలదో అంత వివరంగా తీశాను. మూడు కాపీలు దాచాను. ఆయన్ని తెర ముందు కూర్చోబెట్టాను. ఏ ఫిల్టరూ ముట్టుకోలేదు, ఊరికే పెద్దది చేస్తూ పోయాను.

"ఇంకా" అన్నారు. చేశాను. "ఇంకొంచెం." తెరంతా పెదవే అయింది. "ఇంకా బాబూ." ఇప్పుడు పెదవీ లేదు, ముఖమూ లేదు. బూడిదరంగు గళ్ళ మధ్య గుప్పెడు నల్ల గళ్ళు. నాకైతే గచ్చులా కనిపించింది.

మామగారు వేలు చాచి ఆ నల్లటి గళ్ళ మీద ఆనించారు.

"వచ్చావా?" అన్నారు. నన్ను కాదు.

నేను లేచి వంటింట్లోకి వెళ్ళాను. కాసేపటికి తిరిగొచ్చినా ఆయన వేలు తీయలేదు. ఇవాళ పేజీలు: 0. రేపటి నుంచి రోజుకు ఇరవై, తప్పకుండా.