తెల్ల చామంతుల నడక

సెప్టెంబర్ 19, సోమవారం

డాన్స్ కమిటీకి నన్నే ఛైర్మన్ని చేశారు. ఇంకెవరూ చెయ్యెత్తలేదు, అదీ సంగతి. పోయినేడాది, బడికి పాత విద్యార్థులు తిరిగొచ్చే హోమ్‌కమింగ్ పండగ డాన్స్‌లో జనం చిప్స్ తిని తొమ్మిదింటికల్లా ఇళ్ళకి పోయారు. ఈసారి ఊరు పదేళ్ళు చెప్పుకోవాలి అన్నాను. "ముందు ఆ చిప్స్ మార్చవే తల్లీ" అన్నాడు కమిటీలో ఉన్న కోడీ. వాడి మొహం.

నా ఐడియా ఇది. ఆఖరేడు చదివే సీనియర్లు శుక్రవారం ఫుట్‌బాల్ ఆటకి బట్టలకి తగిలించుకున్న గుడ్డ చామంతులే శనివారం డాన్స్‌కీ పెట్టుకు రావాలి. జిమ్‌లో లైట్లు తగ్గిస్తాం. నేను మైకులో పేరు చదవగానే ఒక్కొక్కరే మధ్యలోంచి నడవాలి, ఇళ్ళవాళ్ళు చుట్టూ కూర్చుని చూస్తారు. ప్రిన్సిపల్ ఒప్పుకున్నాడు కానీ, పేర్లు ఆఫీసు ఇచ్చే లిస్టులోంచే చదవాలన్నాడు.

సెప్టెంబర్ 25, ఆదివారం

ట్రేసా కుబెనా వాళ్ళింటికి వెళ్ళాను. ఒకటో తరగతి నుంచీ ఇద్దరం ఒకే బెంచీ. వాళ్ళ అమ్మమ్మ భోజనాల బల్ల నిండా రిబ్బన్లు పరిచేసింది. మా అమ్మ చేతికి గ్లూగన్ ఇస్తే వేళ్ళు అంటించుకుంటుంది కాబట్టి నా చామంతి కూడా ఆవిడే కడుతోంది. పళ్ళెమంత గుడ్డపువ్వు, మోకాళ్ళ దాకా రిబ్బన్లు, వాటి నిండా చిరుగంటలు. ట్రేసాదీ నాదీ రెండూ తెలుపూ వెండీ. ఆ రంగులు సీనియర్లకే. మిగతావాళ్ళు బడి రంగులు పెట్టుకోవాలి.

ముప్పయ్యేళ్ళ కింద డోరా అనే ఆవిడ ఇంకా సీనియర్ కాకుండానే తెల్లది తగిలించుకుందట. ఇప్పటికీ చర్చిలో ఆవిణ్ణి తెల్ల చామంతి డోరా అనే అంటారు. అమ్మమ్మ చెబుతూ పగలబడి నవ్వింది.

అక్టోబర్ 11, మంగళవారం

లిస్టు వచ్చింది. నలభై ఒక్క పేర్లు. ట్రేసా లేదు.

పొరపాటనుకుని ఆఫీసుకి వెళ్ళాను. పొరపాటు కాదంది అక్కడ పనిచేసే మిసెస్ పెటస్. వసంతంలో తప్పిన ఆల్జీబ్రా పరీక్ష ట్రేసా ఆగస్టులో మళ్ళీ రాసింది కదా, అదీ తప్పింది. సీనియర్ కావడానికి మార్కులు చాలవు. ఇంటికి ఉత్తరం సోమవారం వేస్తారట. "అంతవరకూ నోరు మెదపకు, నీకు చూపించడమే తప్పు" అంది.

సోమవారం అంటే డాన్స్ అయిపోయాక.

అక్టోబర్ 12, బుధవారం

చెబుదామనే వెళ్ళాను. ట్రేసా బూట్లు తొడుక్కుని వంటింట్లో నడక ప్రాక్టీస్ చేస్తోంది. "ఒసేయ్ మార్లా, నా పేరు గట్టిగా చదువు, మా తాతకి చెవుడు" అంది. తాతయ్య ముందు వరసలో కూర్చుంటాడట. అమ్మమ్మ నా చామంతి నాకిచ్చి, ఊడిపోతే తీసుకురా అంది.

చెప్పలేదు.

అక్టోబర్ 13, గురువారం

ఎందుకు చెప్పలేదో రాయాలి. మిసెస్ పెటస్ అంటే భయం. చెబితే ట్రేసా ఏడుస్తుంది, అమ్మమ్మ ఆఫీసు మీదికి వెళుతుంది, ప్రిన్సిపల్ నడకే వద్దంటాడు. ఇంకోటి కూడా ఉంది. హోమ్‌కమింగ్ క్వీన్ పోటీకి ట్రేసాని నిలబెట్టారు, నన్ను ఎవరూ అడగలేదు. కారణం అది కాదనుకుంటున్నాను.

అక్టోబర్ 14, శుక్రవారం

బడంతా గంటల మోత. ట్రేసాది అందరికన్నా పెద్దది. ఆట ఓడిపోయాం.

అక్టోబర్ 15, శనివారం

జిమ్ నిండిపోయింది. ఎవరూ ఇంటికి పోలేదు.

ఇంటిపేర్ల వరసలో కోవార్ తర్వాత ట్రేసా నిలబడింది. లిస్టులో కోవార్ తర్వాత లేమన్. లేమన్ అని చదివాను. అప్పటికే ట్రేసా రెండడుగులు వేసేసింది. ఆగి, ఏమే మర్చిపోయావా అన్నట్టు నావైపు మొహం పెట్టి నవ్వింది. లేమన్ ఆమెను తప్పించుకుని నడిచాడు. నేను తర్వాతి పేరు చదివాను. ఆ తర్వాతిదీ చదివాను.

లైట్లు వేసేసరికి తలుపు దగ్గర తెల్ల చామంతితో ఆమె ఒక్కతే ఉంది. వెనకాల ఎవరో నవ్వారు. ముసలమ్మలు ఒకళ్ళ చెవిలో ఒకళ్ళు ఏదో చెప్పుకున్నారు. తాతయ్య, అయిపోయిందా, మనపిల్ల ఏదీ అని గట్టిగా అడుగుతున్నాడు. ట్రేసా రిబ్బన్లన్నీ పోగుచేసి, గంటలు మోగకుండా గుప్పిట్లో పట్టుకుని బయటికి వెళ్ళిపోయింది.

మైకు నా చేతిలోనే ఉంది. ఆ పేరు చదివేస్తే ప్రిన్సిపల్ నన్నేం చేసేవాడు? మహా అయితే కేకలేసేవాడు. ఆ సంగతి నాకప్పుడే తెలుసు.

అక్టోబర్ 16, ఆదివారం

వాళ్ళింటికి వెళ్ళాను. ట్రేసా గదిలోంచి రాలేదు. అమ్మమ్మ నన్ను కూర్చోబెట్టి బన్ను పెట్టింది. "నువ్వేం చేస్తావులే తల్లీ, వాళ్ళిచ్చింది చదివావు. ముందే తెలిస్తే మాకు చెప్పకుండా ఉంటావా?" అంది.

ఉండను అన్నాను.