ఇసుకగాలి దాటి సలాలాకు

అక్కా, ఫోన్ చేస్తే నా గొంతు విని ఫికరు పడతావని ఈ కార్డు రాస్తున్నాను. మీ మరిదికి కొత్త పని దొరికిన సలాలాకు, మస్కట్ నుంచి రెండు రోజులు కారులో ప్రయాణించి నిన్న క్షేమంగా చేరాం.

ఎడారిలో ఇసుకగాలి లేచి రోడ్డు కనిపించకుండా పోయింది. పాప ఒకటే ఏడుపు. ఆయన కారు ఆపి, స్టీరింగ్ మీద తల వాల్చి, "ఇగ నాతోని కాదు. మన జహీరాబాద్‌కే వాపస్ పోదాం" అన్నారు.

"పోదాం, జర గాలి ఆగనీ" అన్నాను.

గాలి ఆగాక కారును సలాలా వైపే పోనిచ్చారు.

నీ మోకాలు దవాఖానలో చూపించావా? మీ పక్కింటి షకీల్ ఇటు వస్తున్నాడట, అతనితో ఝరాసంగం జొన్నల పిండి పంపు.

మా కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందని ఆయన అంటున్నారు. లేచి చూసే ఓపిక లేదు, రేపు చూస్తాను.

బావకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

నీ చెల్లెలు అనిత