ల్యాబులో వేలాడిన వైరు

మంగళవారం, రాత్రి

కాదు సుజాతా, ఆ వైరు గుచ్చింది నువ్వనుకున్నట్టు ఏ విద్యార్థీ కాదు, మీ అమ్మమ్మ. నీ మొకం చూసి చెప్పలేక ఈ డైరీల రాస్తున్న.

పొద్దుగాల నీ టిఫిన్ డబ్బా ఇయ్యనీకి నువ్వు నెట్‌వర్క్ చూసుకునే కోరుట్ల కాలేజీకి పోయిన. ల్యాబులో నువ్వు లేవు. కంప్యూటర్లన్నిటిని కలిపే నెట్‌వర్క్ స్విచ్చు డబ్బాకు పెట్టిన ఒక వైరు రెండో కొస ఊరికే వేలాడుతుంది. ముప్పై ఏండ్లు లెక్కల పంతులమ్మగ చేసిన చేతులు ఊకుంటయా? అదే స్విచ్చుల ఖాళీ రంధ్రం చూసి గుచ్చి, నన్ను నేనే మెచ్చుకొని బస్సెక్కిన.

స్విచ్చు పంపిందే మళ్ల దానికే తిరిగొచ్చి కాలేజీ నెట్ మొత్తం పడిపోయిందట. పిల్లల పరీక్ష ఆగిందట. ప్రిన్సిపాల్ నిన్ను అందరి ముందట తిట్టి, నీ ఉద్యోగం సంగతి రేపు తేలుస్తనన్నడట.

"తప్పు నాదే అమ్మమ్మా," అన్నవ్ అన్నం కలుపుకుంట. "గసొంటి చుట్టును ఆపనీకే స్విచ్చుల స్పానింగ్ ట్రీ అనే ఏర్పాటు ఉంటది. కంప్యూటర్లు జల్ది కలవాలని గా పోర్టుల మీద, అంటే వైర్లు గుచ్చే రంధ్రాల మీద, దాన్ని బంద్ చేసిన. బంద్ చెయ్యకుండ ఒక్క కంప్యూటర్‌కే అని ఎడ్జ్ పోర్టుగ పెట్టి, కాపలాకు గార్డు పెడితే, చుట్టు పడంగనే పోర్టు దానంతటదే మూసుకునేది. గని గా వైరు పెట్టినోళ్ల చెయ్యి విరగ!"

నీకు పప్పు వడ్డించిన, గదే చేత్తోటి.

పరాయి వస్తువు ముట్టిన పిల్లల చెవులు ఎన్ని మెలిపెట్టిన్నో...

రేపు మొదటి బస్సుకే పోవాలె. ముందు ప్రిన్సిపాల్ గదికి పోయి తప్పు నాదని ఒప్పుకునుడు. ఆ తర్వాతనే బస్టాండు పక్క దుకాణంల ఖాళీ పోర్టులకు పెట్టే మూతలు ఒక డజను. దుకాణం పని మొదలు పెట్టుకుంటే, మూతలు కొనుక్కొని ఏం ఒప్పుకోకుండనే ఇంటికి వచ్చేస్త, నా సంగతి నాకెర్క.