చేతులు కట్టుకున్న మేస్త్రి

గుంటూరు

ప్రియమైన అమ్మకు,

రెబెకా వందనాలు. దేవుని దయవల్ల మీ అల్లుడు, పాప, నేను కులాసాగా ఉన్నాము. ఫోనులో నా మాట సరిగా వినపడటం లేదన్నావు గనుక తీరిగ్గా ఉత్తరమే రాస్తున్నాను. పై వారం మోకాలి ఆపరేషను ఖాయమైందనీ, "నువ్వు లేకపోతే మిల్లు ఆగిపోతుంది, కనిగిరి రావద్దు" అనీ రాశావు. జవాబు చెప్పేముందు మిల్లు సంగతి చెప్పాలి.

మా కారం మిల్లు చిన్నది. పనివాళ్ళను చేర్చుకోవడం, వాళ్ళకు పని నేర్పించడం అన్నీ నేనొక్కదాన్నే చూస్తాను. రంగు పోయి తెల్లబడిన తాలుకాయలు ఏరడంలో సుబ్బరావమ్మకు సాటిలేదని ఆవిడను మేస్త్రిగా పెట్టించాను. ఎవరి బుట్టలో తాలు కనబడినా తనే లాక్కుని ఏరేసేది. దాంతో కొత్తగా చేరిన జోహరాబీకి పని రానేలేదు. తప్పు ఆవిడది కాదు. ఏరడం వేరు, నేర్పడం వేరు. అది నేను ముందే ఆలోచించవలసింది.

పని నేర్పించడానికి రోజూ ఓ అరగంట ఇమ్మని యజమాని బాపయ్యగారిని అడిగాను. "తీసుకో అమ్మా. సరుకు వెనక్కొస్తే మాత్రం పూచీ నీదే" అన్నారు.

సుబ్బరావమ్మను చేతులు వెనక్కి కట్టుకుని, నోటితోనే నేర్పమన్నాను.

"చెప్పేలోపు నేనే ఏరిపారెయ్యనా అమ్మా?"

"ఈ బుట్ట ఏరతావు. మిగతావాళ్ళవి?"

జోహరాబీ కిసుక్కున నవ్వింది. "మేస్త్రమ్మా, పోలీసోళ్ళు పట్టుకొచ్చినట్టు నిలబడ్డావే!"

"నోరు మూసుకుని కాయను వెలుతురుకి తిప్పవే! ఆ తెల్లమచ్చ కనపడలా?"

ఆవిడ చెప్పిన మొదటి పాఠం అదే.

నీకు ఇంతవరకు చెప్పని మాట ఒకటుంది. మొన్న మంగళవారం చెన్నై నుంచి కొనుగోలుదార్లు సరుకు చూడటానికి వచ్చిన రోజు నేను మిల్లుకు వెళ్ళలేదు. బాపయ్యగారికి ముందే చెప్పి, కావాలనే ఇంట్లో ఉండిపోయాను. నీ దగ్గరికి రాగలనో లేదో తేల్చుకోవాలనిపించింది. మిల్లుకు చేద్దామని ఎన్నిసార్లు ఫోను తీశానో, అన్నిసార్లూ మళ్ళీ పెట్టేశాను. నేను సుబ్బరావమ్మను ఎంత కష్టమైన పని చెయ్యమన్నానో అప్పుడు తెలిసింది.

సాయంత్రం బాపయ్యగారే ఫోను చేశారు. "సరుకు తీసుకున్నారమ్మా. ఒక బస్తాలో తాలుంటే, వాళ్ళ కంటపడకముందే జోహరాబీ పట్టుకుని పక్కన పెట్టించింది. సుబ్బరావమ్మ ముట్టుకుంటే ఒట్టు!"

అందుచేత ఆదివారం ఆరాధన ముగియగానే బస్సెక్కుతున్నాను. నెలరోజులు నీ దగ్గరే ఉంటాను. ఆపరేషను అయ్యాక డాక్టరుగారు నిన్ను నడవమన్నప్పుడు, పట్టుకోమని నన్ను ఎంత తిట్టినా పట్టుకోను. నీ పక్కనే, చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తాను.

ఇట్లు,
రావద్దన్నా వస్తున్న నీ పెద్దకూతురు,
రెబెకా