తెల్లచీర మీద పసుపు

అన్నా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. నిన్న పొద్దున్నే వదిన కాలువలో బాప్తిస్మం తీసుకుంది.

నువ్వెప్పుడు బాప్తిస్మం తీసుకుంటావని నేను ఎన్నిసార్లు అడిగినా, "యేసయ్య మాట నిజమే చెల్లె. చేతుల పసుపు పోనీ, తెల్లబట్టలు ఖరాబైతయ్" అనేవాడివి. ఆర్మూరు యార్డులో పసుపు కొమ్ములు ఏరే చేతులకు ఆ రంగు ఎప్పుడు పోయింది? బాప్తిస్మానికని నీకోసం కుట్టించిన తెల్లచొక్కా పెట్టెలోనే ఉండిపోయింది.

వదినవీ అవే చేతులు. ఒడ్డున పాస్టరుగారు తువ్వాలు అందిస్తే నవ్వింది.

"తుడిస్తే పోతదా అయ్యగారూ? గీ చేతులు తెల్లగైతయని మా ఆయన ఎదురుచూసుకుంటనే పోయిండు. యేసయ్య పిలిచినప్పుడే నేను వస్తున్న. జల్ది ముంచుండ్రి."

చేతులు గుండెకు ఆనించుకుని మునిగింది. లేచేసరికి తెల్లచీర మీద రెండు పసుపు అరచేతులు. అందరం నవ్వాం, వదిన ఏడ్చింది.

ఆ చీర నేనే ఉతికాను. సబ్బు తగలగానే మరక ఎర్రబడింది. భయపడుతూనే ఎండలో ఆరేశాను. సాయంత్రం తీసి చూస్తే మరక ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది.

నాకు ఒకటి అడగాలని ఉంది అన్నా. బతుకంతా పసుపులోనే గడిపినవాడివి. మరకను ఎండే తీసేస్తుందని నీకు నిజంగా తెలియదా?

నీ చెల్లె