అడిగినవాడికి ఇచ్చిన పదవి

ఏమండీ,

కబరస్తాన్ చింతచెట్టు ఈ ఏడూ విరగకాసింది. ముతవల్లిగా ఆ జాగాను ముప్పై ఏళ్లు చూసుకున్నారు, ఒక్క కాయ మన వంటింటికి రానివ్వలేదు. అమ్మితే వచ్చింది పేదల శవాలకు చుట్టే కఫన్ గుడ్డకే అన్నారు. మేడ్చల్ అంగడిలో చింతపండు కొన్నప్పుడల్లా మిమ్మల్ని తిట్టుకున్నాను. "పదవి అల్లా అప్పగించిన అమానత్. కావాలని అడిగినవాడికి అసలే ఇవ్వొద్దు" అనేవారు.

మీరు పోయిన నలభయ్యో రోజు ఫాతిహాలో మన ఖాదర్ ఆ పదవి తనకిమ్మని అడిగాడు. "సాబ్ కొడుకే గదమ్మా, ఇంకెవరికిస్తం?" అంటూ పెద్దలు నా వైపు చూశారు. బిర్యానీ వడ్డిస్తూ తలూపాను. ఈమాను, ఆ నిజాయితీ కూడా పొలంలాగే వారసత్వంగా వస్తుందనుకున్నాం. ఇన్నేళ్లు బడిలో పాఠాలు చెప్పిన నేను కూడా.

పోయిన నెల వాడు శామీర్‌పేట వెంచరుకు దారి కోసం కబరస్తాన్‌లో ఒక పక్క రాసిచ్చాడు.

"పరేషాన్ గాకు అమ్మీ, గోరీలు ముట్టలే. ఖాళీ జాగనే ఇచ్చిన."

"అల్లాకేం జవాబు జెప్తవ్‌రా?"

"వక్ఫ్ ఆఫీసోళ్లే అడగలే, అమ్మీ!"

ఆ ఖాళీ జాగా మీ గోరీ పక్కది, రేపు నేను వచ్చి పడుకోవాలనుకున్నది. ఇవాళ దాని మీద తారు పోశారు. వాణ్ని తిడదామంటే, ఆనాడు తలూపింది నేనే కదా.