జీపుతో రమ్మన్నారు

చామోర్షిలో ఉన్న సమ్మన్నకు, అంకిస నుంచి నీ చెల్లెలు దండం పెట్టి రాస్తున్నది.

మేము బాగున్నామని రాయలేను. మీ బావకు తెలియకుండా రాస్తున్నాను.

సిరొంచలో బండ్ల లైసెన్సులిచ్చే ఆఫీసు మూసేశారు. మళ్లీ తెరుస్తారని చూస్తుండగానే మీ బావ లైసెన్సు గడువు దాటిపోయింది. బస్సెక్కి జిల్లా ఆఫీసుకు పోతే, మళ్లీ డ్రైవింగ్ పరీక్ష పెడతాం, జీపుతో రమ్మన్నారట. లైసెన్సు లేని మనిషి జీపు అంతదూరం ఎట్లా తీసుకుపోవాలి? ఇక్కడి డ్రైవర్లందరిదీ ఇదే గతి.

ఆయన జీపు తీయడం మానేశాడు. పొద్దున్నే కడుగుతాడు, స్టీరింగు ముందు కాసేపు కూర్చుని దిగుతాడు. మొన్న పక్కింటి నర్సక్క జ్వరంతో కాలిపోతున్న పిల్లను ఎత్తుకొచ్చి, "జర దవాఖాన దాక తీస్కపో తమ్మీ" అని ఏడిస్తే మాత్రం ఆగలేకపోయాడు. పిల్ల కోలుకుంది. కానీ తిరిగి వస్తుంటే పోలీసులు ఆపారు. ఇంకోసారి దొరికితే జీపు గుంజుకుంటామని చెప్పి వదిలేశారు.

ఇప్పుడు సోమవారం తానే నడుపుకుంటూ పరీక్షకు పోతాడట. వద్దంటే, "ఇట్ల కూసుంటె ఏం తింటమే?" అని కసురుతున్నాడు.

అన్నా, నీ లైసెన్సు ఇంకా చెల్లుతుంది కదా. ఆదివారానికల్లా రా. జీపు నువ్వు నడుపు, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకో.

నువ్వు రాకపోతే ఆయనొక్కడే నడుపుకుంటూ పోతాడు. దారిలో ఎవరికీ దొరక్కపోయినా, పరీక్ష పెట్టే సాహెబు ఇక్కడిదాకా జీపు ఎవరు నడిపారని అడిగితే ఏం చేయాలి? మీ బావకు అబద్ధం చెప్పడం రాదన్నా.